నూనె తాగిన రబ్బరు

సెవస్తీ చేతికి రబ్బరు ముక్క ఏది దొరికినా ముందు లాగి చూసేది. లాగి, వదిలేసేది. అది తిరిగొచ్చి అరచేతి మీద కొట్టిన దెబ్బను బట్టి దాని ఆయుష్షు చెప్పేది. "సాగడంలో గొప్పేముంది? రొట్టె పిండి కూడా సాగుతుంది. వెనక్కి రావాలి. వెనక్కి రానిది రబ్బరు కాదు, బంక" అనేది.

గ్రీకుల కాలిమ్నోస్ దీవిలో రాళ్లు తప్ప పెద్దగా ఏమీ పండవు. అందుకే మగవాళ్లు ఈస్టర్ పండగ అవగానే పడవలెక్కి ఆఫ్రికా తీరానికి పోయి, సముద్రం అడుగున పెరిగే స్పాంజి కోసుకుని, చలిగాలి మొదలయ్యే వేళకి తిరిగొస్తారు. అందరూ తిరిగి రారు. వచ్చినవాళ్లలో అందరూ నడిచి రారు. లోతు నుంచి తొందరగా పైకొచ్చినవాడి నెత్తుట్లో గాలి బుడగలు కట్టి నడుము కింద చచ్చుబడిపోతుంది. దీవిలో దానికి జబ్బు పేరంటూ లేదు. "ఫలానావాణ్ణి పట్టేసిందట" అంటారు. ఏది పట్టేసిందని ఎవరూ అడగరు.

సెవస్తీ మొగుడు ద్రోసోస్‌ని రెండో ప్రపంచ యుద్ధానికి ముందే పట్టేసింది. ప్రాణం పోలేదు, ఎడమ కాలు పోయింది. ఉంది గానీ, ఈడ్చుకుంటూ తిప్పుకోవడానికే. అప్పటినుంచి గుమ్మంలో కూర్చుని, గొర్రెల బొచ్చు కత్తిరించే కత్తెరతో స్పాంజిలు గుండ్రంగా కత్తిరించేవాడు. ఆమె కూడా అప్పుడే లోపలి గదిలో రబ్బరు దుస్తులు బాగుచేయడం మొదలుపెట్టింది. ఒక గదిలో సముద్రం నుంచి వచ్చింది, రెండో గదిలో సముద్రంలోకి పోయేది. మధ్యలో వంటిల్లు.

ఆ దుస్తు అంటే మందపాటి గుడ్డకి రబ్బరు పట్టించి కుట్టిన పెద్ద సంచీ. మెడ దగ్గర రబ్బరు అంచుని నలుగురు నాలుగు వైపులా లాగి పట్టుకుంటే మనిషి అందులోకి దిగుతాడు. పైన రాగి తలకాయ బిగిస్తారు. పడవ మీది పంపు నుంచి గొట్టంలో గాలి వస్తుంది. నడుముకి కట్టిన తాడు పైన ఒకడి చేతిలో ఉంటుంది, వాడే తాడు మనిషి. ఇంత కట్టుదిట్టం చేసినా రెండు చేతులు మాత్రం బయటే ఉండాలి, లేకపోతే స్పాంజి కొయ్యడం ఎలా? అందుకని మణికట్టు దగ్గర బెత్తెడు రబ్బరు పట్టీ. లోపలి గాలికీ బయటి సముద్రానికీ మధ్య గోడ అదొక్కటే. అదీ గోడలా నిలబడేది కాదు. సాగి, మళ్లీ ముడుచుకుని, మనిషి చర్మాన్ని పట్టుకుని ఉండేది.

చిరిగిన చోట సొల్యూషన్ పూసి అతుకు వేయడం చాలామందికి వచ్చు. సెవస్తీకి పేరు వచ్చింది అతుకుల వల్ల కాదు, ఆ పట్టీల వల్ల. కొత్త పట్టీ పీతలా కరుస్తుంది. వేళ్లు మొద్దుబారిపోతాయి. ఆమె చలికాలమంతా దగ్గర పెట్టుకుని పంపిన పట్టీ అయితే పసిపిల్ల బుగ్గలా ఉండేది. "సెవస్తీ పట్టీలు లేకపోతే నేను దిగను" అని బేరాలాడిన మగాళ్లు ఉన్నారు.

రహస్యమేమీ లేదు. ఆలివ్ నూనె. వాళ్లమ్మ తలుపు బందులకి అదే పూసింది, పుట్టిన బిడ్డలకి అదే పూసింది, పోయినవాళ్లకి పాదిరి అదే చల్లాడు. బిరుసెక్కిన తోలు, పగిలిన మడమ, ఎండిన రొట్టె, ఏదైనా మెత్తబడాలంటే ఆ దీవిలో ఒకటే మందు. సెవస్తీ పట్టీలకీ అదే రాసింది. వారానికోసారి, గుడ్డతో కాదు, వేళ్లతో.

యుద్ధానికి ముందు దీనివల్ల ఏ నష్టమూ జరగలేదు. అప్పట్లో కెప్టెన్లు ఏటికేడు పాత పట్టీలు కోసి పారేసి కొత్తవి వేయించేవారు. నూనె తన పని పూర్తి చేసే లోపే పట్టీ చెత్తలోకి పోయేది. యుద్ధం అయ్యాక రబ్బరు దొరకడం గగనమైపోయింది. "ఈ ఏడు కూడా వీటితోనే లాగించెయ్ తల్లీ" అని కెప్టెన్లు అవే పట్టీలు తెచ్చి ఇచ్చేవారు. ఆమె వాటికి ఇంకో చలికాలం నూనె తాగించేది. అవి ఇంకా మెత్తబడేవి. అరచేతి మీద కొట్టే దెబ్బ కూడా మెత్తబడుతూ వచ్చింది. అది ఆమెకు వినబడకపోలేదు. బాగా పదును పడ్డాయనుకుంది.

వాళ్ల ఇంట్లో, పడవలవాళ్లని కాచే పునీత నికోలస్ పటం ముందు ఒక దీపం వేలాడేది. దాని ఇత్తడి గొలుసుని యుద్ధకాలపు ఆకలి రోజుల్లో మొక్కజొన్న పిండికి మార్చేశారు. ద్రోసోస్ తనను పట్టేసిన నాటి దుస్తు పట్టీ ఒకటి తీసుకుని, సన్నగా, ఒకే వారులా గుండ్రంగా కోసి, దానితో దీపాన్ని కొక్కేనికి కట్టాడు. నూనె పొయ్యాలంటే గిన్నె పట్టుకుని కిందికి లాగడం, వదిలేస్తే అదే ఊగుకుంటూ పైకి పోవడం. పోసిన తర్వాత వేళ్లకి అంటిన నూనెను సెవస్తీ ఆ రబ్బరుకే తుడిచేది. ఎండిపోకుండా ఉంటుందని.

ఆ దీపానికి ఇంకో విశేషం ఉంది. వెలిగించగానే కాస్త పైకి లేచేది. వేలెడు కాదు, అందులో సగం. అయినా కంటికి కనబడేది. ఇనుప తీగ వేడికి సాగుతుంది. బరువుకి సాగి ఉన్న రబ్బరు వేడి తగిలితే ముడుచుకుంటుంది. లోపలి పోగులు సాగదీసినప్పుడు బలవంతంగా వరుసలో నిలబడతాయి, వేడి తగలగానే వరుస చెడి చిందరవందరగా చుట్టుకోవాలని చూస్తాయి. మహిమేమీ లేదు. కానీ పక్కింటి కల్లియోపి ప్రతి శనివారం పొద్దు వాలే వేళకి వచ్చి నిలబడి, దీపం లేవగానే శిలువ గుర్తు వేసుకునేది.

"పునీతుడు పైకి పిలుస్తున్నాడు చూడు!"

"పిలిస్తే ముందు నన్ను పిలవమను. ఈ కాలు మోయలేక చస్తున్నా" అనేవాడు గుమ్మంలోంచి ద్రోసోస్.

సెవస్తీ తమ్ముడు మికేస్ ఆ ఏడు కెప్టెన్ సకెల్లారిస్ పడవలో లోతు దిగడానికి కుదిరాడు. తల్లీ తండ్రీ పోయాక సెవస్తీయే పెంచింది. పడవలు బయల్దేరే ముందు ఉపవాసపు రోజులన్నీ ఆమె వాడి పట్టీలని రోజూ ఒళ్లో పెట్టుకుని రాసింది. మిగతావాళ్లవి వారానికోసారే. పునీతుణ్ణి ఆమె కోరుకున్నది ఒక్కటే. వీడు నడిచి వెళ్తున్నాడు, నడిచి రావాలి. మోసుకుని తేకూడదు. ఇంట్లో ఒకడు చాలు.

బయల్దేరే రోజు మికేస్ పట్టీలోకి చెయ్యి దూర్చి నవ్వాడు.

"అబ్బ! ఎవరో చంటిది చెయ్యి పట్టుకున్నట్టుందే అక్కా."

"పట్టుకునే ఉంటుంది. నువ్వే పిచ్చి వేషాలు వెయ్యకు. తాడు మనిషి లాగితే పైకి రా. ఇంకొక్క స్పాంజి, ఇంకొక్కటి అని అక్కడే కూర్చోకు."

"బావా, మీ ఆవిడ నాకు ఇప్పుడు పాఠం చెబుతోంది. నీకెందుకు చెప్పలేదు?"

"చెప్పింది రా. నేను అప్పుడు నీలాగే నవ్వుతున్నాను" అన్నాడు ద్రోసోస్.

రేవులో పాదిరి పడవల మీద నీళ్లు చల్లాడు. కొండ మీద కుర్రాళ్లు మందుగుండు పేల్చారు. పడవలు పోయాయి.

ఎండలు ముదిరాక ఒక శనివారం సెవస్తీ దీపం వెలిగించింది. అది లేవలేదు. చూస్తుండగానే కిందికి జారింది. శిలువ గుర్తు వేయబోయిన చెయ్యిని కల్లియోపి దించేసింది.

"అయ్యో సెవస్తీ, కిందికి దిగుతోందే! నీ తమ్ముడు! వాడికేమో..."

"నోరు ముయ్యి!"

ఆమె గిన్నె పట్టుకుని పైకి ఎత్తి వదిలింది. అది మళ్లీ జారింది, మెల్లగా, బద్ధకంగా, తేనె జారినట్టు. రబ్బరు మునుపటి కంటే లావెక్కి, జిగటగా మెరుస్తోంది. వేలితో నొక్కితే గుంట పడింది. గుంట అలాగే ఉండిపోయింది.

కల్లియోపి కొవ్వొత్తి తేవడానికని పరుగెత్తింది. ద్రోసోస్ కాలీడ్చుకుంటూ లోపలికి వచ్చి ఆ రబ్బరుని తేరిపార చూశాడు. పెట్టె తెరిచి, పెళ్లి బట్టల అడుగునుంచి ఒక మూట తీశాడు. తన దుస్తు రెండో పట్టీ. జ్ఞాపకంగా దాచుకున్నది. దానికి ఎన్నడూ నూనె చుక్క తగలలేదు.

"లాగు" అన్నాడు.

లాగింది. వదిలింది. టప్‌మని అరచెయ్యి చురుక్కుమంది. అలాంటి దెబ్బ తిని ఎన్నేళ్లయిందో ఆమెకి గుర్తు లేదు.

"రెండూ ఒకే రోజు కొన్నవి. ఒకే సముద్రంలో మునిగినవి" అన్నాడు ద్రోసోస్. "దీనికి నువ్వు తిండి పెట్టలేదు. దానికి పెట్టావు."

సెవస్తీ కొక్కేనికున్న రబ్బరుని రెండు చేతులా పట్టుకుని లాగింది. రొట్టె తుంచినట్టు తెగిపోయింది. దీపం పడి పగిలి ఆరిపోయింది. నూనె గచ్చు మీద పాకుతుంటే ఆమె దాన్ని తొక్కుకుంటూనే బయటికి నడిచింది. కొవ్వొత్తితో ఎదురొచ్చిన కల్లియోపి ఏదో అడిగింది. వినబడలేదు.

రేవు మీద థెమెలిస్ కొట్టు. అతను కెప్టెన్ సకెల్లారిస్ బావమరిది. పడవలకి రొట్టె, కొవ్వులో వేయించి నిల్వ చేసిన మాంసం, తాళ్లు అన్నీ పంపేది అతనే. కొట్లో ముగ్గురు నలుగురు ముసలి తాడు మనుషులు కూర్చుని కాఫీ తాగుతున్నారు. ఆమె విషయం చెప్పింది. థెమెలిస్ పకపకా నవ్వాడు.

"ఏమని తంతి కొట్టమంటావమ్మా? 'సెవస్తీ దీపం జారింది, పని ఆపండి' అనా?"

"నా పట్టీలు వేసుకోవద్దని కొట్టండి."

"నాలుగు పడవల దుస్తులూ నీ చేతివే. రేపు నీ కొంపకి ఎవడైనా గుడ్డ ముక్క పట్టుకొస్తాడా? ఇంటికెళ్లి పడుకో. ఎండ దెబ్బ తగిలింది నీకు."

"వెనక గదిలో నేను బాగుచేసిన దుస్తు ఒకటి ఉండాలి. తెప్పించండి."

ముసలివాళ్లలో ఒకడికి ఆత్రం ఆగలేదు, లేచి తెచ్చాడు. సెవస్తీ మణికట్టు పట్టీలోకి నాలుగు వేళ్లు దూర్చి పక్కకి లాగింది. చిరిగిన చప్పుడు కూడా సరిగ్గా రాలేదు. అంచు మీద నూనె మెరిసింది. ఆమె దాన్ని బల్ల మీద, కాఫీ గ్లాసుల మధ్య పెట్టింది. ఎవరూ నవ్వలేదు. ఇరవై ఏళ్ల పేరు ఆమె తన చేతులతోనే ఆ బల్ల మీద చించి పడేసింది. అది ఆమెకి తెలుసు. ముసలివాళ్లకీ తెలుసు. ఒకడు టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

థెమెలిస్ చెడ్డవాడు కాదు. ఆ సాయంత్రమే ఆఫ్రికా తీరాన బెంగాజీలో ఉన్న తన మనిషికి తంతి కొట్టాడు. మర్నాడు బయల్దేరే సరుకుల పడవలో కొత్త పట్టీల పెట్టె కూడా వేయించాడు. "కరుస్తాయి. కరిస్తే చావరు" అన్నాడు.

ఆ తర్వాత ఎదురుచూడటమే. పడవలు ఎక్కడో డెర్నా రేవు అవతల ఉన్నాయి. పెట్టె చేరిందో లేదో చెప్పేవాళ్లు లేరు. సెవస్తీ ఇంట్లో మిగిలిన పట్టీలన్నీ కోసి పొయ్యిలో వేసింది. నల్లటి పొగ వీధంతా కమ్మితే పక్కిళ్లవాళ్లు తిట్టారు. పని రాలేదు. మొగుడితో పాటు స్పాంజిలు కత్తిరించడం నేర్చుకుంది. స్పాంజిని గుప్పిట్లో నలిపి వదిలితే మళ్లీ మునుపటిలా పొంగుతుంది. అది చూసినప్పుడల్లా మొహం తిప్పుకునేది. కొక్కెం ఖాళీగానే ఉంది. పునీతుడికి నేల మీద గ్లాసులో దీపం పెట్టింది.

ఆగస్టు చివర్లో ఒక కబురు వచ్చింది. పెట్టె చేరింది. పట్టీలు అందరికీ పంచారు. ఆ రోజు ఆమె చాలా రోజుల తర్వాత కడుపు నిండా తిని, గుమ్మంలో ద్రోసోస్ పక్కన కూర్చుని, మికేస్ చిన్నప్పుడు స్పాంజిని రొట్టె అనుకుని కొరికిన సంగతి చెప్పి నవ్వింది.

అక్టోబరులో పడవలు వచ్చాయి. ఆడవాళ్లంతా రేవులో నిలబడ్డారు. మగవాళ్లు ఒక్కొక్కరే పలక మీదుగా దిగుతున్నారు, నల్లగా, బక్కగా, నడుచుకుంటూ. సకెల్లారిస్ పడవ నుంచి ఇద్దరు ఒక మనిషిని చేతుల కుర్చీ మీద మోసుకుని దిగారు. మోకాళ్ల కింద వాడి కాళ్లు తడి గుడ్డల్లా ఊగుతున్నాయి.

సెవస్తీ గుంపుని తోసుకుంటూ ముందుకు వచ్చింది. దగ్గరికి వెళ్లి, ఊగుతున్న ఆ పాదాలు రెండూ పట్టుకుని, ఇంటిదాకా అలాగే పక్కన నడిచింది.

కెప్టెన్ సకెల్లారిస్ మర్నాడు ఇంటికి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"తంతి అందింది తల్లీ, పెట్టె వచ్చింది, దాంతోపాటే నీ దీపం కథా వచ్చింది. అందరివీ మార్పించాను. వీడు కొత్తవి ఒక్క పూట వేసుకున్నాడు. మణికట్లు వాచిపోయాయి, వేళ్లు నీలంగా అయ్యాయి. 'ఇలా అయితే స్పాంజి ఏదో రాయి ఏదో తెలియట్లేదు, మా అక్కకి దీపం జారితే నేను భయపడాలా' అన్నాడు. మర్నాడు నాకు తెలియకుండా పాతవి తీసి వేసుకున్నాడు."

"ఎక్కడివి?"

"ఏమిటి?"

"పాతవి ఎక్కడి నుంచి తీశాడు?"

కెప్టెన్ గోడ వంక చూశాడు. "పక్కన పెట్టించాను. రబ్బరు కదా... తెచ్చి నీకే ఇస్తే ఏమైనా చేస్తావేమోనని. కోసి సముద్రంలో పారెయ్యాల్సింది. చెయ్యలేదు."

"తర్వాత?"

"తల మీదికి వంగిన ఒక రాతి గట్టు అడుగున పెద్ద స్పాంజి కనబడింది. చెయ్యి పైకి చాపాడు. చెయ్యి తలకాయ కంటే ఎత్తుకి పోయేసరికి లోపలి గాలంతా అటే తోసింది. పట్టీ చీలిపోయింది. పైన మాకు నీళ్లు మరిగినట్టు బుడగలు. గాలి పోతే నీళ్లు లోపలికి వస్తాయి, ఊపిరి ఆడదు. మెల్లగా లాగే వ్యవధి లేదు తల్లీ. ఒక్క ఊపున లాగేశాం. పైకొచ్చాక నిలబడ్డాడు, సిగరెట్ అడిగాడు. సగం కాలాక కూలబడ్డాడు."

ఆయన వెళ్లేటప్పుడు ద్రోసోస్ చెయ్యి పట్టుకుందామని చూశాడు. ద్రోసోస్ కత్తెర కింద పెట్టలేదు.

మికేస్‌ని పటం ఎదుటి మంచం మీదే పడుకోబెట్టారు. వాడు అక్కని ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. వచ్చిన మూడు నాలుగు రోజులకి ఆమె టమాటాలు, ఉల్లిపాయలు, నానబెట్టిన బార్లీ రొట్టె కలిపి పళ్లెంలో పెట్టి ఇచ్చింది. వాడు పళ్లెం వాసన చూసి, కనుబొమ్మలు ఎగరేసి అడిగాడు.

"ఇందులో నూనె వేశావా అక్కా?"

గదిలో కత్తెర చప్పుడు ఆగింది. మికేస్ నవ్వాడు. తర్వాత ద్రోసోస్ నవ్వాడు, మొదట ముక్కులోంచి, తర్వాత గట్టిగా, కళ్లల్లో నీళ్లొచ్చేదాకా. ఇద్దరు కుంటివాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వుతుంటే సెవస్తీ వంటింట్లోకి వెళ్లి గోడకి నుదురు ఆనించి నిలబడింది.

మోకాళ్లు బిగుసుకుపోకుండా రోజూ కదిలిస్తూ ఉండమని డాక్టరు చెప్పాడు. బరువైన కాళ్లు. ఎత్తి ఎత్తి ఆమె నడుము పడిపోయేది. ద్రోసోస్ తన రెండో పట్టీ పెట్టెలోంచి తీసి, మొదటిదాన్ని కోసినట్టే వారులా కోశాడు. రెండు పేటలు చేసి దీపపు కొక్కేనికి కట్టాడు. కింది కొసకి గుడ్డ ఉయ్యాల కట్టి, అందులో మికేస్ మడమ పెట్టారు. సెవస్తీ పాదాన్ని కిందికి లాగి వదిలితే రబ్బరు దాన్ని పైకి తీసుకుపోయేది, మోకాలు దానికదే మడుచుకునేది. ఎడమది అయ్యాక కుడిది.

శనివారం పొద్దు వాలే వేళ, అలవాటు చొప్పున కల్లియోపి వీధిలోంచి తొంగి చూసింది. చీకటి పడుతున్న గదిలో, మంచం మీద మికేస్ కాలు మెల్లగా పైకి లేవడం ఆమె కంటబడింది.

"లేచింది!" అని అరిచింది. "మికేస్ కాలు లేచింది! రండమ్మా, పునీతుడు..."

వీధిలో తలుపులు తెరుచుకుంటున్న చప్పుడు. మికేస్ కళ్లు మూసుకున్నాడు. సెవస్తీ లేచి, గుమ్మం దాకా వెళ్లి, కల్లియోపి మొహం మీదే తలుపు వేసి గడియ పెట్టింది. వంటింట్లోకి పోయి చేతులు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుంది. గుడ్డతో పొడిగా తుడుచుకుంది. వచ్చి మళ్లీ కూర్చుని, తమ్ముడి పాదం పట్టుకుని కిందికి లాగి వదిలింది.

కాలు పైకి లేచింది.